సర్దుకుపొమ్మంటున్న నగరం

(బస్తీల్లో పనిచేసే కార్యకర్తల సమావేశంలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం "మహానగరంలో రోజువారీ చికాకులు". ఈ కాగితం చూసి మా పక్కింటావిడ నవ్వింది. "దీనికి మీటింగెందుకమ్మా, పొద్దున్నే ఆరింటికి మా ఇంటికొస్తే చాలదూ" అంది. ఆవిడ నవ్వడంలో న్యాయం ఉంది. మనం కూడుకున్నప్పుడల్లా మాట్లాడుకునేవి వరకట్న హత్యలు, మనోవర్తి, ఆస్తి హక్కు, కూలి రేట్లు. వాటి పక్కన నల్లా రాకపోవడం, బస్సు ఆగకపోవడం, బజారుకెళ్తే ఇంటికొచ్చేదాకా మూత్రం ఆపుకోవలసి రావడం లాంటివి పెడితే చాలా చిన్నవిగా కనిపిస్తాయి. 'చికాకు' అనే మాటలోనే ఆ చిన్నతనం ఉంది. చికాకంటే కాసేపుండి పోయేది. దాన్ని పట్టుకుని ఎవరూ హక్కు అనరు.

కానీ బస్తీల్లో తిరిగేటప్పుడు మీరూ గమనించే ఉంటారు. ఆడవాళ్ళు తమ సంగతులు చెప్పుకునేటప్పుడు కొన్నిటిని 'సమస్య' అంటారు. కొన్నిటిని మాత్రం చెప్పబోయి, "ఆ, ఏముందిలే" అని మధ్యలోనే వదిలేస్తారు. ఆ 'ఏముందిలే'లన్నీ ఒక కాగితం మీద రాసి చూడండి. అన్నీ ఎదురుచూడటం, ఆపుకోవడం, మోయడం, నిలబడటం. వీటిలో ఏ ఒక్కటీ ప్రాణం తీయదు. అన్నీ కలిసి రోజుని తీసేస్తాయి.

మగవాళ్ళకి నగరంలో చికాకులు లేవని నేననను. అమీర్‌పేటలో ట్రాఫిక్కులో గంటసేపు ఇరుక్కున్న మగవాడికీ చికాకే. కానీ అతని చికాకుకి ఈ నగరం ఒక ఫ్లైఓవర్ కట్టి సమాధానం చెప్తుంది. మన చికాకుకి "కాస్త సర్దుకుపోమ్మా" అంటుంది. నేను మాట్లాడదలుచుకున్నది ఈ తేడా గురించే.

ముందు నీళ్ళ సంగతి. హైదరాబాద్ నీళ్ళ చరిత్ర చదివితే ఇంజనీర్లంటే గౌరవం కలుగుతుంది. 1908లో మూసీకి వరదొచ్చి వేలమంది చనిపోయాక, మళ్ళీ అలాంటి వరద రాకుండా, తాగునీటికీ పనికొచ్చేలా ఉస్మాన్‌సాగర్ కట్టారు. అది 1920లో పూర్తయింది. 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది. ఊరు పెరిగిన కొద్దీ మంజీరా, సింగూరు, తర్వాత 2000 దాటాక కృష్ణ, 2015లో గోదావరి. ఈ చివరి రెండూ వంద కిలోమీటర్లకి పైగా దూరం నుంచి, మెట్టల మీదికి మోటార్లతో ఎక్కించి తెస్తున్న నీళ్ళు. అంత దూరం పైపులో వచ్చిన నీళ్ళు గల్లీ చివరికొచ్చేసరికి ఆగిపోతాయి. అక్కడి నుంచి గుమ్మం దాకా ఆడదాని చంకలోనో, నెత్తి మీదో రావాలి. ఆ చివరి వంద అడుగులు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండవు, ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

చాలాచోట్ల నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ గంటకొస్తాయో ఆ గంటకి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. మగవాడి డ్యూటీ టైము నీళ్ళ కోసం మారిన ఇల్లు ఒక్కటి మీ బస్తీలో ఉంటే నాకు చూపించండి. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఒకామె గురించి చెప్తాను. ఆమె గల్లీలో నీళ్ళొచ్చే వేళ తెల్లవారుజాము నుంచి ఎనిమిదింటికి మారింది. ఎనిమిదింటికి ఆమె రెండో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉండాలి. ఒక నెల గడిపింది. పెద్ద కూతురు బడి మానేసి నీళ్ళు పడుతుంటే చూడలేక ఆ ఇల్లు వదిలేసుకుంది. అంటే నెల జీతంలో నాలుగోవంతు పోయింది. నల్లా వేళలు మార్చిన వాళ్ళకి ఒక ఆడమనిషి జీతం కోస్తున్నామన్న సంగతి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకి ఎవరూ కల్పించలేదు. ఆమె కూడా మనతో ఏమందో తెలుసా? "నీళ్ళ చికాకు వల్ల ఒకిల్లు మానేశా" అంది. జీతం పోయినా దాని పేరు చికాకే.

2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది. మంచిదే. కానీ దానికి కనెక్షను ఉండాలి, మీటరు ఉండాలి, ఆధార్ కలపాలి. కనెక్షను ఇంటి ఓనరు పేరు మీద ఉంటుంది. వెనక రెండు గదుల్లో అద్దెకుండే నాలుగు కుటుంబాలు ఓనరమ్మ మోటారు ఎప్పుడు వేస్తే అప్పుడే పట్టుకోవాలి. ఉచితం అన్న మాట ఓనరు గేటు దగ్గరే ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ల వాళ్ళకి ఈ బాధ లేదనుకోకండి, వాళ్ళది ఇంకో రకం. ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకరు బుక్ చేయడం, అది వచ్చేదాకా ఫోన్లు చేయడం, వాచ్‌మన్ లేనప్పుడు కిందికి దిగి పైపు పెట్టించడం. వాచ్‌మన్ ఉంటే అతని భార్య. ఆమెకి ఆ పనికి విడిగా జీతం లేదు, భర్త జీతంలోనే ఆమెనీ కలిపేసుకుంటారు.

ప్రభుత్వమే చేసిన కాల వినియోగ సర్వే ఉంది. 2024 లెక్క ప్రకారం ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు జీతం లేని ఇంటి చాకిరీ చేస్తే, అలాగే పాల్గొన్న మగవాళ్ళు 88 నిమిషాలు చేశారు. 2019లో ఆడవాళ్ళది 299 నిమిషాలు. అయిదేళ్ళలో పది నిమిషాలు మిగిలాయి మనకి, సంతోషం. అయితే నేను అడిగేది ఇంకొకటి. తెల్లారి నాలుగింటికి నల్లాలో గాలి వచ్చే చప్పుడు వినడానికి ఒక చెవి అటు పెట్టుకుని పడుకుంటామే, అది నిద్ర కింద రాయాలా, పని కింద రాయాలా?

నీళ్ళ కోసం ఆడవాళ్ళు పోరాడటం కొత్తేమీ కాదు. బొంబాయిలో మృణాల్ గోరేని జనం 'పానీవాలీ బాయి' అని పిలిచేవాళ్ళు, అంటే నీళ్ళావిడ అని. గోరేగావ్ ప్రాంతంలో నీళ్ళ కోసం చేసిన పోరాటాల వల్ల వచ్చిన పేరది. 1972లో ధరల పెరుగుదలకి వ్యతిరేకంగా అహల్యా రంగ్నేకర్ వంటి వాళ్ళతో కలిసి ఆమె కూడగట్టిన ఆడవాళ్ళు అప్పడాల కర్రలతో కంచాలు మోగిస్తూ రోడ్డెక్కారు. ఏ పార్టీ మీటింగులకీ రాని గృహిణులు వాళ్ళు. మృణాల్ గోరే 1977లో లోక్‌సభకి కూడా వెళ్ళింది. నీళ్ళావిడ అనేది వెటకారంగా అన్న మాట కాదు, గెలిపించిన మాట. మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద లేచినప్పుడు కూడా చాలామంది దాన్ని మొగుడూ పెళ్ళాల ఇంటి గొడవే అనుకున్నారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాయి నిషేధించాక గానీ అది రాజకీయం అని ఒప్పుకోలేదు.

ఇప్పుడు మరుగుదొడ్ల విషయం. ఇది చెప్పబోతే మన సభల్లో కూడా కొందరు తల దించుకుంటారు, కొందరు నవ్వుకుంటారు. నవ్వండి, కానీ వినండి.

బజారు పనికో, ఆఫీసు పనికో బయల్దేరేముందు మనలో ఎంతమంది నీళ్ళు తాగడం మానేస్తాం? చేతులెత్తండి అంటే అన్ని చేతులూ లేస్తాయి. మే నెల ఎండలో కూడా. కోఠీకో సుల్తాన్ బజారుకో పోయి మూడు గంటలు తిరిగే ఆడవాళ్ళు ఇంటి దగ్గరే లెక్క వేసుకుంటారు: ఎన్నింటికి తాగాను, ఎన్నింటికి తిరిగొస్తాను, మధ్యలో తెలిసినవాళ్ళ ఇల్లేదైనా ఉందా. మగవాడికి ఈ లెక్క లేదు, అతనికి ప్రతి గోడా ఉంది. (అది మంచిదని నేననడం లేదు. ఆ గోడ పక్కనుంచి ముక్కు మూసుకుని పోయేదీ మనమే.) దీని ఫలితం మన వైద్య శిబిరాల్లో కనబడుతుంది. మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షను. మాత్రలిచ్చి "నీళ్ళు బాగా తాగమ్మా" అంటారు. ఎక్కడ తాగాలి? తాగితే ఎక్కడికి పోవాలి?

ఒక చీరల షాపులో పనిచేసే అమ్మాయి చెప్పింది. పొద్దున పదింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నర. కొనేవాళ్ళు పరుపుల మీద కూర్చుంటారు, చూపించేవాళ్ళు నిలబడాలి. బేరం లేనప్పుడు కూడా గోడకి ఆనుకోకూడదు, కెమెరాలో కనబడుతుంది. మరుగుదొడ్డి మేడ మీద ఒకటే, అందరికీ కలిపి. పోవాలంటే సూపర్‌వైజరుకి చెప్పాలి. సూపర్‌వైజరు మగవాడు. రోజుకి రెండుసార్లు దాటితే "మళ్ళీనా?" అంటాడు. నెలసరి రోజుల్లో ఆ అమ్మాయి నాలుగు రోజుల్లో రెండు రోజులు సెలవు పెడుతుంది. ఆ రెండు రోజుల జీతం కోత. ఇదీ మనం చెప్పుకునే 'చికాకే'. పద్దెనిమిదేళ్ళ పిల్ల కాళ్ళకి నరాలు ఉబ్బి ఉన్నాయి.

ఇదే కథ కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో ఉండేది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం పక్క హోటళ్ళకి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళలో విజి అనే ఒక దర్జీ, ఇంకొందరు కలిసి 'పెణ్‌కూట్టు' అని సంఘం పెట్టుకున్నారు, ఆడవాళ్ళ జట్టు అని అర్థం. మరుగుదొడ్డి కోసం మొదలుపెట్టి, కూర్చోవడానికి హక్కు కావాలన్న దాకా వెళ్ళారు. పెద్ద కార్మిక సంఘాలు మొదట్లో పట్టించుకోలేదు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్ళు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా రాసింది. కుర్చీ అనే మాట చట్టంలోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది చూడండి. చట్టంలో కుర్చీ ఉండటం ఒకటి, షాపులో ఉండటం ఇంకొకటి. చీరల షాపుకి వెళ్ళినప్పుడు మనం పరుపు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న అమ్మాయిని "నువ్వూ కూర్చుని చూపించమ్మా" అని అడిగి చూద్దాం. ఆమె ఎవరి వంక చూస్తుందో గమనించండి.

బొంబాయిలో 2011లో 'మూత్ర విసర్జన హక్కు' పేరుతో సంఘాలన్నీ కలిసి ఒక ఉద్యమం మొదలుపెట్టాయి. పేరు విని అందరూ నవ్వారు. వాళ్ళు చూపించింది చాలా మామూలు విషయం: డబ్బులు తీసుకునే మరుగుదొడ్లలో మగవాళ్ళకి మూత్రశాల ఉచితం, ఆడవాళ్ళకి మాత్రం ఛార్జీ. ఆడవాళ్ళు ఎందుకెళ్ళినా గదిలోకే వెళ్ళాలి కాబట్టి, గది వాడినందుకు డబ్బులు. అంటే ఆడశరీరానికి పన్ను. మన సులభ్ కాంప్లెక్సుల దగ్గర, బస్‌స్టాండ్ల దగ్గర వసూలు ఎలా ఉందో మీరే చూసి రాసుకురండి. ఇంకొకటి కూడా ఉంది. ప్లాను గీసే ఇంజనీరు ఆడా మగా ఇద్దరికీ సమానంగా స్థలం ఇచ్చానంటాడు. అంతే స్థలంలో మగవాళ్ళ వైపు ఎక్కువమందికి వీలవుతుంది. మనకి చీర, చంకన పిల్ల, చేతిలో సంచీ, నెలసరి. పట్టే సమయం ఎక్కువ. సమానమైన స్థలం ఇచ్చి క్యూ మాత్రం మనకి మిగిల్చారు. ఇక తాళం సంగతి మీకు తెలుసు. ఆడవాళ్ళ వైపు చీపుర్లూ బకెట్లూ పెట్టుకుని తాళం వేస్తారు, "ఎవరూ రారమ్మా" అంటారు. తాళం వేస్తే ఎవరొస్తారు?

ఇంతకన్నా నన్ను కోపం తెప్పించేది ఇంకొకటుంది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని మన రోడ్లు ఊడ్చే మునిసిపల్ కార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు. ఊరంతా శుభ్రం చేసేవాళ్ళకి ఆ నాలుగైదు గంటల్లో పోవడానికి చోటు లేదు. ఎవరింటి తలుపూ తట్టలేరు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ సంగతి తెలియనిది కాదు. ఆమె రోజూ బ్రష్షు పెట్టి కడిగే మరుగుదొడ్డిని ఆమె వాడకూడదు. "కిందకెళ్ళు, వాచ్‌మన్ది ఉంది" అంటారు. లిఫ్టు కూడా వేరే చోట్ల ఉంది. దీన్ని నగర జీవితపు చికాకు అంటే అబద్ధమాడినట్టే. ఇది అంటరానితనం. అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు దాకా ఎక్కింది. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనలో కొందరి ఇళ్ళలోనూ ఇది ఉంది. నేను ఎవరి పేరూ చెప్పడం లేదు. ఎవరింట్లో ఎలా ఉందో వాళ్ళకి తెలుసు.

2025 జనవరిలో సుప్రీంకోర్టు దేశంలోని అన్ని కోర్టుల్లోనూ ఆడవాళ్ళకీ, మగవాళ్ళకీ, వికలాంగులకీ, ట్రాన్స్‌జెండర్లకీ మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. అది రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టు ఆవరణకి సరే. కోర్టు గేటు దాటి బస్టాపుకొచ్చిన ఆడదానికి ఆ శరీరమే కదా ఉండేది. ఈ తీర్పుని మన అర్జీల్లో రాయాలి.

మాటల గురించి ఒక మాట. బస్సులో చేయి వేస్తే, వెంటపడి కూతలు కూస్తే ఒకప్పుడు దాన్ని 'అల్లరి' అనేవాళ్ళు. ఇంగ్లీషు పేపర్లవాళ్ళు 'ఈవ్ టీజింగ్' అనేవాళ్ళు. కుర్రాళ్ళ సరదా అన్నట్టు వినబడుతుంది. "పట్టించుకోకు, నువ్వే పక్కకి తప్పుకో" అనేవాళ్ళు. స్త్రీల సంఘాలు పట్టుబట్టి ఆ మాటని మార్పించాయి. 1997లో విశాఖ తీర్పులో పనిచేసే చోట దాన్ని లైంగిక వేధింపు అన్నారు. 2013లో శిక్షాస్మృతిలో విడిగా నేరమైంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 75వ సెక్షను, వెంటపడటం 78వ సెక్షను. వేధింపు ఆగిపోయిందా అంటే లేదు. కానీ ఈ రోజు ఒక అమ్మాయి పోలీసు స్టేషనుకి వెళ్ళి "అల్లరి చేశాడు" అనక్కర్లేదు. నీళ్ళ దగ్గరా, మరుగుదొడ్డి దగ్గరా మనకింకా ఆ మాట దొరకలేదు.

బస్సుల విషయానికొస్తే, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. దీని మీద ఎన్ని జోకులు వచ్చాయో మనం చూశాం. నేనైతే ఇన్నేళ్ళలో ఇంత సూటిగా ఆడవాళ్ళ చేతికి అందిన పథకం తక్కువే చూశాను. భర్తని పది రూపాయలు అడగకుండా గడప దాటగలగడం అంటే ఏమిటో, ఎప్పుడూ అడగనక్కర్లేని వాళ్ళకి అర్థం కాదు. గాంధీ ఆసుపత్రికి చూపించుకోవడానికి మూడోసారి పోవడం, తల్లిగారింటికి నెలలో రెండోసారి పోవడం, ఇవి డబ్బుల వల్ల ఆగిపోయే ప్రయాణాలు.

అయితే కొత్త చికాకులు వచ్చాయి. స్టాపులో ఆడవాళ్ళే ఉంటే బస్సు ఆగదని అన్ని బస్తీల్లోనూ చెప్తున్నారు. ఆగినా అరఫర్లాంగు అవతల ఆగుతుంది. ముసలామె పరిగెత్తలేక నిలబడిపోతుంది. ఎక్కితే, "ఫ్రీయే కదా, సర్దుకోండి" అని మాట. బస్సులు చాలకపోవడం డ్రైవరు తప్పూ కాదు, కండక్టరు తప్పూ కాదు. కండక్టర్లలో మన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఆ తోపులాటలో జీరో టికెట్లు కొట్టలేక వాళ్ళ అవస్థ చూడలేం. కాబట్టి మనం కండక్టరుతో గొడవపడి ఆగిపోకూడదు. బస్సుల సంఖ్య పెంచమని డిపో మేనేజరుని అడగాలి. ఏ రూటులో, ఏ వేళకి, ఎన్ని బస్సులు అని అంకెలతో అడగాలి.

మగవాడి ప్రయాణం ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి. రోడ్లూ మెట్రో ఆ గీత వెంట వేసుకుంటూ పోయారు. మన ప్రయాణం అలా ఉండదు. పిల్లని అంగన్‌వాడీలో దింపాలి, రేషను షాపు తెరిచాడేమో చూడాలి, పనికి పోవాలి, వచ్చేటప్పుడు అత్తగారి బీపీ మాత్రలు, కూరగాయలు. నాలుగు చిన్న ముక్కలు. మెట్రో స్టేషను నుంచి ఇంటిదాకా ఉండే ఆ చీకటి కిలోమీటరు ఎవరి లెక్కలోనూ లేదు.

ఇంకో వెక్కిరింత ఉంది: "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు". దీనికి మనం వెంటనే జవాబు చెప్తాం, లేదు లేదు, ఆసుపత్రికి, పనికి, గుడికి పోతున్నారని. ఎందుకు చెప్పాలి? ఊరికే తిరిగితే ఏం? బొంబాయి మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 'వై లాయిటర్' అని 2011లో ఒక పుస్తకం రాశారు. బయటికొచ్చిన ఆడది తనకేదో పని ఉందని నిరూపించుకుంటూనే ఉండాలి, చేతిలో సంచీయో, చెవి దగ్గర ఫోనో, చంకన పిల్లో ఉండాలి అన్నది వాళ్ళు గమనించిన విషయం. మన నగరంలో అంతే. టాంక్‌బండ్ మీద సాయంత్రం ఒక్క ఆడమనిషి ఊరికే కూర్చుంటే ఎన్ని కళ్ళు అడుగుతాయి, ఎవరికోసం అని! భద్రత పేరు చెప్పి ఎనిమిదింటికల్లా ఇంటికి పొమ్మంటారు. మనకి కావలసిన భద్రత ఇంటికి పంపేది కాదు, కూర్చోనిచ్చేది. టికెట్ లేని బస్సెక్కి ఒక బస్తీ ఆడది చార్మినార్ చూసి గాజులు కొనుక్కుని వస్తే, అది పథకం దుర్వినియోగం కాదు.

రాత్రిపూట మైకుల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు నిబంధనలున్నాయి. పండగైనా పెళ్ళైనా, చంటిపిల్లని ఊపుతూ కూర్చునేది తల్లే.

ఫుట్‌పాత్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇక్కడ మనలో మనకే తగాదా ఉంది. నడవడానికి చోటు లేదని చికాకుపడే ఆడవాళ్ళున్నారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కని చెప్పింది కూడా. సరే. కానీ ఈ తీర్పు చూపించి మొదట ఎవరిని లేపుతారు? ఫుట్‌పాత్ మీదికి నాలుగడుగులు జరిపి కట్టిన షాపు మెట్లు కొట్టరు. ఎక్కించి పెట్టిన కార్లు తీయరు. గంపలో ఆకుకూరలు పెట్టుకుని కూర్చున్న ఆమెని లేపుతారు. గంప లాక్కుంటారు. ఆ రోజు సరుకు పోతుంది, దానికి తెచ్చిన రోజువారీ వడ్డీ అప్పు ఉంటుంది. మధ్యతరగతి కాలనీ సంఘం ఫోను చేసి ఫిర్యాదు చేస్తుంది, సంఘం కార్యదర్శి భార్య సాయంత్రం ఆ ఆకుకూరల కోసమే వెతుక్కుంటుంది. 2014లో వీధి విక్రయదారుల చట్టం వచ్చింది. సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి 40 మంది అమ్ముకునేవాళ్ళ ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. మీ ప్రాంతంలో ఆ కమిటీ ఉందా, దానిలో గంప పెట్టుకునే ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అన్నది మొదట అడగండి. ఒక ఆడదాని చికాకు తీర్చడానికి ఇంకో ఆడదాని పొట్ట కొడతామంటే మన సంస్థ సంతకం దానిమీద ఉండకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక చేయవలసిన పని. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో ఉంది. దానితో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పద్ధెనిమిది అంశాలున్నాయి. పదిహేడోది తీసి చదవండి: వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు, ప్రజా మరుగుదొడ్లు. అయిదోది నీటి సరఫరా. మనం చికాకులనుకునేవి రాజ్యాంగంలో అచ్చయి ఉన్నాయి, పట్టణ పాలక సంస్థలకి అప్పగించదగ్గ పనులుగా. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలుండాలని అదే సవరణ చెప్తోంది.

మూడు నెలల తర్వాత మళ్ళీ కలుస్తాం కదా. ఈలోగా ప్రతి ఒక్కరూ ఒక్క వార్డు తీసుకోండి. ఒక నోటుబుక్కు చాలు. ఎన్ని మరుగుదొడ్లున్నాయి, ఆడవాళ్ళ వైపు ఎన్ని తెరిచి ఉన్నాయి, ఎన్నింటికి మూస్తారు, ఎంత తీసుకుంటారు, లోపల నీళ్ళూ గొళ్ళెమూ లైటూ ఉన్నాయా, ప్యాడ్ పారేయడానికి డబ్బా ఉందా. గల్లీల వారీగా నీళ్ళొచ్చే రోజు, వేళ. ఆ వేళకి పని మానుకున్నవాళ్ళు ఎంతమంది, ఎన్ని రూపాయలు పోయాయి. ఈ చివరిది మరిచిపోవద్దు, రూపాయల్లో రాస్తేనే ఆఫీసరు తలెత్తి చూస్తాడు. మీరు రాసింది ఒక పక్క పెట్టి, అదే వార్డు గురించి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. తెల్లకార్డు ఉన్న అక్క పేరు మీద పెడితే ఆ పది కూడా అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వాళ్ళ కాగితంలో ఉన్న మరుగుదొడ్లకీ, మీ నోటుబుక్కులో ఉన్నవాటికీ తేడా ఎంతో చూద్దాం. ఆ తేడా పట్టుకుని వార్డు ఆఫీసుకి పోదాం, బిందెలు పట్టుకుని పోవాలా కాగితాలు పట్టుకుని పోవాలా అన్నది అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

నాలుగున్నరకి నల్లా వచ్చే బస్తీల అక్కలు లేవాలంటున్నారు. ప్రశ్నలు ముందు వాళ్ళవే తీసుకుందాం.